పిన్ని కూర్చునే వైపు

సీటును ఎంత జరిగితే అంత వెనక్కి నెట్టి, ఆమె కారు నేలమీద వెల్లకిలా పడుకుంది. తల డ్యాష్‌బోర్డు కిందికి పోయింది, కాళ్ళు సీటు మీదికి వచ్చాయి. అక్కణ్ణుంచి చూస్తే వాన పడుతున్నట్టు లేదు, ఆకాశమే మెత్తబడి కిటికీ అద్దం మీదుగా జారుతున్నట్టుంది. పిన్ని గొడుగు వేసుకుని గోడ అవతలికి వెళ్ళింది. గోడ అవతల లైసెన్సు పరీక్షలు పెట్టే మైదానం, గోడ ఇవతల ఈ పాత కారు, కారులో ఈమె, ఈమె గుండెల మీద వెలుగుతున్న సెల్‌ఫోను, పెదాల మధ్య రెండు బుల్లి స్క్రూలు. "గంటైనా పడుతుందే అమ్మలూ, నువ్వెళ్ళి ఎక్కడైనా టీ తాగిరా" అంది పిన్ని దిగబోతూ. దిగడానికి మోకాలు పక్కకి తీయగానే ఎదురుగా ఉన్న పెట్టె మూత దభీమని కిందికి పడింది. ఇన్నాళ్ళూ దాన్ని మూసి ఉంచుతున్నది ఆ మోకాలే. "ఇక్కడ నాకు పనుంది, నువ్వెళ్ళు" అంది ఆమె. పిన్ని ఆ మూతనీ, వెనక సీట్లో చుట్టచుట్టి ఉన్న పనిముట్ల గుడ్డనీ చూసి, ఏదో అనబోయి, "సరే" అంది. పిన్ని సరే అంటే ఏమిటో నాన్నకి కూడా ఎప్పుడూ సరిగ్గా తెలియలేదు. నలభైకి దగ్గరపడ్డ తనని అమ్మలూ అని పిలిచే మనిషి ఇప్పుడు ఈవిడ ఒక్కతే మిగిలిందని, గొడుగు గేటు దాటి మలుపు తిరిగేదాకా చూస్తూ ఆమె అనుకుంది.

ఈ కారులో సామాన్లు దాచుకునే చోటల్లా పాడయింది. ముందు సీటుకి ఎదురుగా ఉండే పెట్టె సరేసరి, దాన్ని నాన్న ఖజానా అనేవాడు. రెండు సీట్ల మధ్య మోచెయ్యి ఆనించుకునే పెట్టెకి మూత కీలు ఊడింది, ఎటు ఒరిగితే అటు జారిపోతుంది. పిన్ని వైపు తలుపుకి ఉన్న జేబు అడుగున చీలింది, అందులో ఏం వేసినా కాసేపు ఆలోచించి పాదాల మీదికి వదిలేస్తుంది. పైన, వెనక వచ్చేవాళ్ళు కనబడే అద్దం దగ్గర, కళ్ళజోడు పెట్టుకునే గూడొకటి ఉంది, అది ఎంత నొక్కినా మూసుకోదు, నాలుక వేలాడేసుకుని ఉంటుంది. ఆదివారం ఒకాయన బండి చూడ్డానికి వస్తానన్నాడు. ఇంజను మాట ఎలా ఉన్నా, కూర్చోగానే ఒళ్ళో మూత పడే బండిని ఎవరు కొంటారు? ఆ సంగతి పిన్నికింకా చెప్పలేదు. పరీక్ష అయ్యాక చెప్పొచ్చులే అనుకుంది. పరీక్ష పోయాక, అని మనసు తనంతట తనే ఆ మాటని సవరించింది. సవరించినందుకు ఆమె ఎవరూ చూడని ఆ చీకట్లో కూడా కళ్ళు మూసుకుంది.

జిగురు ఆరడానికి సమయం కావాలి కాబట్టి ముందు తలుపు జేబు పట్టింది. ఆమె పని కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గదిలో. విరిగిన ఫ్రేములు అతకడం, వదులైన కాడలు బిగించడం, ఊడిన స్క్రూలకి బదులు స్క్రూలు వెతకడం. ఆ పనిముట్లే తెచ్చింది. చీలిక అంచుల్ని గరుకు కాగితంతో రుద్ది, వేళ్ళ మధ్య తిప్పే సన్నటి బరమాతో అటూ ఇటూ చిల్లులు పొడిచి, చిల్లుల్లోంచి రాగి తీగ లాగి కుట్టు వేస్తోంది. కుట్టు, ముడి, కుట్టు. బరమా తిరుగుతుంటే ప్లాస్టిక్కు తెల్లటి పీచులా లేచి చేతి మీద పడుతోంది, సీసం పెన్సిలు చెక్కినప్పుడు పొట్టు పడినట్టు. అమ్మ పెన్సిలు చెక్కేది బ్లేడుతో. అమ్మ అంటే అంతే గుర్తు. ముక్కు కొసన చెమట, బ్లేడు, గాలికి ఎగిరే పొట్టు, తడిజుట్టు వాసన. ముఖం ఫోటోలోంచి వచ్చి అతుక్కున్నదే గానీ తన సొంతంగా గుర్తున్నది కాదు. అమ్మ పోయేసరికి ఆమె ఒకటో తరగతి. ఆ తరవాత ఇంట్లో చాలాకాలం చప్పుడు లేదు. నాన్న పళ్ళెం శబ్దం కాకుండా బల్ల మీద పెట్టేవాడు, తను శబ్దం కాకుండా తినేది, ఇద్దరూ ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు మసిలేవాళ్ళు. నాన్న మాటలు తగ్గించాడు, తను నవ్వడం మానేసింది. ఒకళ్ళనొకళ్ళు ఎందుకని అడగలేదు. ఎదురింటి పెద్దావిడ మాత్రం "పిల్ల మరీ బొమ్మలా అయిపోతోందయ్యా" అని నాన్నతో ఒకసారి అంది. నాన్న ఆ రాత్రి వచ్చి తన మంచం పక్కన నిలబడి ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. నిద్ర నటిస్తూ తను అతని చెప్పుల చప్పుడు వింటూ ఉండిపోయింది.

కుట్టు మీద జిగురు పూయాలి. రెండు గొట్టాల్లోంచి కాస్త కాస్త అట్టముక్క మీద పిండి పుల్లతో కలిపింది. కలుపుతుంటే వేడెక్కుతూ, ఘాటుగా, కొత్త వస్తువు వాసన వేసింది. ఈ కారు కొత్తగా ఇంటికొచ్చినప్పుడు వేసిన వాసన. కొత్త అంటే వాళ్ళకి కొత్త, అంతకుముందు దీనికింకో ఇల్లుంది. నాన్న దాన్ని తుడిచి తుడిచి, సీట్లకి గుడ్డలు తొడిగి, ఒకరోజు తనకి తెల్లటి మేజోళ్ళు వేసి వెనక సీట్లో మధ్యన కూర్చోబెట్టి ఎక్కడికో తీసుకెళ్ళాడు. ఒక ఆఫీసు, పొడుగాటి బల్ల, బల్ల వెనక ఆవలిస్తున్న గుమాస్తా. నాన్న సంతకం చేశాడు, ఒకావిడ సంతకం చేసింది, అంతే, ఏ హడావిడీ లేదు. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ ముందు సీట్లో కూర్చుంది, ఒళ్ళో గుడ్డసంచి, సంచి మీద రెండు చేతులు. వెనక నుంచి తనకి కనబడింది మెడ ఒక్కటే. మెడ మీద ఒక పుట్టుమచ్చ. ఆ మచ్చను చూస్తూ తను, ఈవిడ ఎప్పుడు వెళ్ళిపోతుందో అనుకుంటోంది. నాన్న "ఈవిడ నీకు పిన్ని" అన్నాడు రోడ్డు కేసి చూస్తూ, రోడ్డుకి చెబుతున్నట్టు. అప్పుడొక మలుపొచ్చింది, కారు ఒరిగింది, ఖజానా మూత దభాలున తెరుచుకుని, అందులో ఉన్న టార్చిలైటూ దువ్వెనా తుడిచే గుడ్డా చిల్లరా అన్నీ ఆవిడ ఒళ్ళోకి దూకాయి. "ఓరి నాయనో!" అందావిడ, రెండు కాళ్ళూ పైకెత్తేసి, సంచిని బిడ్డలా గుండెకి హత్తుకుని. వెనక సీట్లోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. ముక్కులోంచి తన్నుకొచ్చిన చప్పుడు. అది తన నవ్వేనని తనకే కాసేపటికి గానీ తెలియలేదు. నాన్న వెనక్కి తిరిగి చూశాడు, చూస్తూ బండిని రోడ్డు అంచుకి ఎక్కించబోయాడు. "ముందుకి చూడండీ" అందావిడ. అది పిన్ని ఆ కారులో మాట్లాడిన మొదటి సరైన మాట. ఆ తరవాతి మలుపులో మూత మళ్ళీ పడింది. "మళ్ళీనా! ఇదేం పెట్టెండీ, నామీద కక్ష కట్టిందా?" తను వెనక సీట్లో కడుపు పట్టుకుని ఒరిగిపోయింది.

మలుపులు. ఆ రోజుల్లో ఊరంతా మలుపులే ఉన్నట్టు గుర్తు. బడికి వెళ్ళే దారిలో పాలకేంద్రం దగ్గరొకటి, గడియారం స్తంభం చుట్టూ ఒకటి. వెనక సీట్లో మధ్యన కూర్చుని తను ఊపిరి బిగబట్టేది, పడుతుందా పడదా, పడుతుందా, పడితే పిన్ని ఈసారి ఏమంటుంది. పిన్ని ఒక్కోసారి ఒక్కోటి అనేది. "తెరిచావూ, మూస్తావా మరి?" అని పెట్టెనే నిలదీసేది. "అడిగిందేదో ఇచ్చెయ్యండి దీనికి, నా ప్రాణం తీస్తోంది" అని నాన్నతో మొరపెట్టుకునేది. పడనిరోజు బడి దగ్గర దిగుతూ తనకి ఏదో బాకీ ఉండిపోయినట్టుండేది. నాన్నకి మాత్రం అది పరువు సమస్య అయిపోయింది. ఒకసారి మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు. అతను మూత మీద అరచేత్తో బాదాడు, గుద్దాడు, బండిని గుంటలో దింపి ఎక్కించాడు. మూత కదిలితే ఒట్టు. "ఏమీ లేద్సార్, గట్టిగా ఉంది, మీరే ఏదో అనుకుంటున్నారు" అన్నాడు. నాన్న మొహం చిన్నబోయింది. ఇంటికొస్తుంటే గడియారం స్తంభం దగ్గర అది మళ్ళీ పడింది. నాన్న బండి ఆపేసి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు, భుజాలు ఊగుతున్నాయి, ఏడుస్తున్నాడేమోనని తను భయపడింది, చూస్తే నవ్వుతున్నాడు. చాలాకాలంగా ఆగిపోయినది ఒక్కసారే వచ్చినట్టు, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. పిన్ని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఆ తరవాత ఎప్పుడో, కాళ్ళు పొడుగై, మొహం మీద మొటిమలొచ్చి, ప్రపంచంలో అన్నిటి మీదా కోపంగా ఉండే వయసులో, తను వెనక సీట్లోంచి "అబ్బా, ఆ మూత గట్టిగా పట్టుకోరాదూ, చిరాకేస్తోంది" అంది. పిన్ని సరే అంది. ఆ రోజు నుంచి మూత పడలేదు. నాన్న బాగుచేసుకున్నాడనుకుంది తను. నిజానికి ఏమీ అనుకోలేదు. ఆ వయసులో ఎవరు ఏది ఎందుకు మానేశారో ఎవరికి పడుతుంది?

గోడ అవతల ఒక ఇంజను గర్రుమని, ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. ఆమె జిగురు పుల్ల గాల్లో ఆపి వింది. మళ్ళీ తాళం తిప్పిన శబ్దం, మళ్ళీ ఇంజను. పిన్నేనా? పిన్ని అయితే ఇప్పుడు పెదవి కొరుక్కుంటూ ఉంటుంది. ఇంతకుముందు పరీక్షకి వెళ్ళిన రెండుసార్లూ ఏటవాలు ఎక్కుడు మీద ఆపి లేపేటప్పుడే స్కూలు బండి ఆగిపోయింది. డ్రైవింగు స్కూల్లో నేర్పే కుర్ర మాస్టారికి పిన్ని బ్రేకు మాస్టారని పేరు పెట్టింది, ఎందుకంటే అతని కాలు ఎప్పుడూ తన వైపు బ్రేకు మీదే ఉంటుందట. "నేను తొక్కేలోపే తొక్కేస్తాడమ్మా, ఇంక నేను నేర్చుకునేదెప్పుడు?" అసలు పిన్ని నేర్చుకుంటున్న సంగతే తనకి పక్కింటాయన ఫోను చేస్తే గానీ తెలియలేదు. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు, "ఏమీ అనుకోకమ్మా, మీ పిన్ని రోజూ సాయంత్రం ఆ కారులో ఒక్కతే కూర్చుంటోంది. తలుపులన్నీ వేసేసుకుని తనలో తను ఏదో మాట్లాడుకుంటోంది. నోటితో శబ్దాలు కూడా చేస్తోంది. నాన్నగారు పోయిన దిగులేమో, ఒకసారి చూడరాదూ?" తను పని మధ్యలో వదిలి పరుగెత్తుకెళ్ళింది. పిన్ని కదలని కారులో స్టీరింగు ముందు కూర్చుని, "ఫస్టు... రూమ్మ్... సెకండు" అంటోంది. తనని చూసి గేరు మీద చెయ్యి తియ్యకుండానే, "ఎదురుగా రాకే, తగులుతావు" అంది.

నవ్వొస్తోంది ఇప్పుడు. అప్పుడు రాలేదు. అప్పుడు తను పిన్నిని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఈ వయసులో నీకెందుకు పిన్నీ, ఎక్కడికెళ్ళాలన్నా నేనున్నానుగా, నా దగ్గరికొచ్చెయ్, ముందు గది నీకే. చెబుతుండగానే ఆ మాట నోట్లో పాత రుచి వేసింది. నేనున్నానుగా. నాన్న అనేవాడు. పిన్ని ఎప్పుడో ఒకసారి, బడి వదిలే వేళకి తను వానలో నిలబడిపోయిన రోజు, "నాక్కూడా బండి నేర్పకూడదూ?" అని అడిగితే నాన్న పత్రికలోంచి తలెత్తకుండా అన్నాడు, "నీకెందుకు, నేనున్నానుగా." చెడ్డగా అనలేదు. ప్రేమగానే అన్నాడు. చివరిదాకా స్టీరింగు ఎవరికీ ఇవ్వలేదు, దగ్గుతూ దగ్గుతూ ఆస్పత్రికి కూడా తనే నడుపుకుంటూ వెళ్ళాడు. పక్కన పిన్ని ఖజానా తెరిచి ఒక దగ్గుబిళ్ళ, తెరిచి ఒక గుడ్డ, తెరిచి మళ్ళీ ఒక బిళ్ళ అందిస్తూ ఉండేది. తను ఇప్పుడు ముందు గదికి పరదాలు కుట్టించింది, మంచం కొంది. సాయంత్రం దుకాణం నుంచి వచ్చి తాళం తీసి, ఆ ఖాళీ మంచం చూస్తుంది. ఒంటరిగా ఉండటం ఆమెకి కొత్త కాదు, ఏళ్ళ తరబడి తనకి నచ్చే అలా ఉంది. కానీ నాన్న ఉన్నన్నాళ్ళూ, ఎక్కడో ఒక ఇంట్లో రెండు గొంతులు పోట్లాడుకుంటూ తన ప్రసక్తి తెస్తూ ఉంటాయన్న ధీమా మీద ఆ ఒంటరితనం నిలబడి ఉందని తెలియలేదు. ఇప్పుడు తన గదుల్లో చిన్నప్పటి ఇల్లు వచ్చి కూర్చుంది. పళ్ళెం చప్పుడు కాకుండా పెట్టుకుంటోంది. పిన్నికి తోడు కావాలి అని అందరితో చెబుతోంది. పిన్నికా? జిగురు పుల్ల మీద గట్టిపడిపోయింది. ఆమె దాన్ని విరిచి పారేసి, ఇంకో పుల్ల తీసుకుంది.

ఖజానా మీటని ఆఖరికి వదిలింది. స్క్రూలు ఊడదీసి, మీటా కొక్కెమూ ఉన్న ముక్కని బయటికి లాగి, దుకాణంలో ఫ్రేమును చూసినట్టు కంటికి దగ్గరగా పట్టుకుని, సెల్‌ఫోను వెలుగులో అటూ ఇటూ తిప్పింది. ఏది విరిగిందో తెలిస్తేనే ఎలా విరిగిందో తెలుస్తుంది, ఎలా విరిగిందో తెలిస్తేనే అతుకు నిలుస్తుంది. మూతని పట్టుకునే కొక్కెం విరిగి ఉంటుందని ఆమె అనుకుంది, దానికోసం పాత సామాన్ల దుకాణంలో ఇంకో కొక్కెం కూడా వెతికి తెచ్చింది. కొక్కెం శుభ్రంగా ఉంది. కొనదేరి, పదునుగా, ఎక్కడా అరగలేదు. స్ప్రింగు వేలితో లాగి వదిలితే టక్కున కరిచింది, వేలు నొప్పెట్టేంత గట్టిగా. విరిగింది మీట, వేలు పెట్టి లాగే నాలుక. మొదలంటా తెగి, మూత లోపల కొక్కేనికి అడ్డుపడి ఉంది, ఈమధ్య మూత పడిపోతున్నది అందుకే. ఆ నాలుక మీద, వేలు ఆనే చోట, గరుకంతా పోయి నున్నటి గుంట పడి ఉంది, మెట్టు మీద పాదాలు పడి పడి పడిన గుంటలాగా. ఆమె తన చూపుడువేలు అందులో పెట్టి చూసింది. సరిగ్గా పట్టలేదు. తన వేలికంటే కొంచెం చిన్న వేలు.

వాన పెరిగింది. కారు కప్పు మీద ఎవరో గుప్పెళ్ళతో గింజలు చల్లుతున్నట్టుంది. ఆమె కొక్కేన్ని మళ్ళీ కరిపించింది, చేత్తో కొట్టింది, తలుపుకేసి కొట్టింది. ఊడలేదు. ఇన్నేళ్ళ తరవాత కూడా ఊడటం లేదు. మలుపులో బండి ఒరిగితే ఇది ఊడదు. గుంటలో పడినా ఊడదు. మెకానిక్కు చెప్పింది నిజమే, గట్టిగానే ఉంది. ఎవరో వేలు పెట్టి లాగితే తప్ప ఇది ఎప్పుడూ తెరుచుకునేది కాదు. పాలకేంద్రం మలుపు. గడియారం స్తంభం. సంచి కింద చెయ్యి, చెయ్యి కనబడకుండా చెంగు. "నామీద కక్ష కట్టిందా?" మొదటిరోజు, ఆ మొదటి మలుపులో? ఏమో, మొదటిసారి చెయ్యి తగిలి పొరపాటున పడిందేమో. వెనక నుంచి ఆ వింత చప్పుడు విన్నాక, రెండో మలుపు వచ్చేలోపు, ఇంకా పేరైనా పెట్టి పిలవని ఒక పిల్ల కోసం ఆ మెడ మీది పుట్టుమచ్చ మనిషి ఏం అనుకుందో, ఎలా చెయ్యి జరిపిందో. నాన్న స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్విన రోజు కిటికీ వైపు ఎందుకు తిరిగిపోయిందో. చిరాకేస్తోంది అన్న మాట విని సరే అన్నప్పుడు ఆ వేలు ఎక్కడ ఉందో. ఆమె ఆ ప్లాస్టిక్కు ముక్కని గుండెల మీద పెట్టుకుని, దాని బరువుకి ఊపిరి కదలటం చూస్తూ పడుకుంది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి పోయాయి, వెచ్చగా, తరవాత చల్లగా. తుడుచుకోలేదు. చేతులకి జిగురుంది.

కొంతసేపటికి పని దానంతట అదే సాగింది. పనిముట్ల గుడ్డలో ఒక తేనెరంగు ఫ్రేము ముక్క ఉంది, ఎవరో తొక్కేస్తే పనికిరాకుండా పోయింది. దాన్ని లైటరు సెగకి చూపించి, మెత్తబడ్డాక వంచి, ఆకురాయితో నాలుకలా దిద్ది, పాత మొదలుకి రెండు బుల్లి స్క్రూలతో బిగించింది, కాడని ఫ్రేముకి బిగించినట్టే. నల్లటి మీటకి తేనెరంగు కొస. కనబడుతుంది, దాచలేం. మోచేతి పెట్టె కీలుకి సైకిలు చువ్వ ముక్క తొడిగింది. పైన గూట్లో స్ప్రింగు ఊడి పక్కకి పోయిందంతే, చిమటాతో పట్టి ఎక్కించేసరికి నాలుక లోపలికి తీసుకుంది. మూతని బిగించి, ఆమె నేలమీంచి లేచి, పిన్ని సీటుని ముందుకి, ఎప్పుడూ ఉండే చోటికి జరిపి, అందులో కూర్చుంది. ఈ సీట్లో తను ఎప్పుడైనా కూర్చుందా? నాన్న ఉన్నన్నాళ్ళూ వెనక, నాన్న పోయాక స్టీరింగు ముందు. ఇక్కణ్ణుంచి రోడ్డు ఇంకోలా ఉంది. పట్టుకోవడానికి ఏమీ లేదు. చేతులకి ఏం పని చెప్పాలో తెలియదు. మసక అద్దంలోంచి గోడ, గోడ మీద నాచు, మెల్లగా కదిలే ఏవో రంగులు. నెత్తిమీద ఎండ తెర ఇంకా కిందికే దించి ఉంది. పిన్ని ఎప్పుడూ అంతే, మబ్బుపట్టినా అది దించే ఉంచేది, ఎండేదీ అని నాన్న దెప్పేవాడు. ఆమె దాన్ని పైకి మడవబోయి ఆగింది. తెర లోపలి వైపు పెద్ద అగ్గిపెట్టెంత అద్దం ఉంది. తన మొహం చూసుకుందామని చూస్తే మొహం లేదు. అద్దం ఎవరో కావాలని ఒక కోణంలో వంచిపెట్టినట్టుంది. అందులో వెనక సీటు కనబడుతోంది, సరిగ్గా మధ్య భాగం, గుడ్డ వెలిసిపోయిన చోటు.

కిటికీ అద్దం మీద వేలితో తట్టిన చప్పుడు. గొడుగు కింద పిన్ని. అలవాటు చొప్పున తన వైపు తలుపు దగ్గరికే వచ్చి, లోపల ఈమె కూర్చుని ఉండటం చూసి, వానలో నిలబడిపోయింది. ఆమె కంగారుగా కిటికీ దింపింది.

"ఏమైంది పిన్నీ?"

"పోయింది" అంది పిన్ని. "ఎక్కుడు మీద ఆపమన్నాడు, ఆపా. లేపమన్నాడు, లేపా, ఒక్క కుదుపు లేకుండా. బ్రేకు మాస్టారు చప్పట్లు కూడా కొట్టాడు. వెనక్కొచ్చేటప్పుడు హద్దు కడ్డీల్లో ఒక్కటి పడిపోయింది. సన్నటిదే. పడినప్పుడు చప్పుడు కూడా కాలేదు."

ఇంతసేపూ మనసు ఏ మూలో కోరుకున్నదే జరిగింది. ఆమె తేలికపడటం కోసం ఒక్క క్షణం ఎదురుచూసింది. అది రాలేదు. దాని బదులు ఎక్కణ్ణుంచో కోపం పొంగుకొచ్చింది. "చప్పుడే కాని కడ్డీకి పోగొడతాడా? ఇన్ని సరిగ్గా చేశాక? ఉండు, నేను వెళ్ళి అడుగుతా."

"ఏమడుగుతావ్? పడింది కదే. పడలేదనమంటావా?" పిన్ని గొడుగు దులిపింది. "వచ్చే నెల మళ్ళీ రమ్మన్నాడు."

"పిన్నీ, ఆదివారం..."

"తెలుసులే. ఆయన ఆదివారందాకా ఆగలేక మొన్ననే వచ్చిపోయాడు. టైర్లు తన్ని చూశాడు, బానెట్టు ఎత్తాడు. కూర్చోగానే పెట్టె మూత పడితే పాపం హడలిపోయాడు కూడా."

"మరి నాతో చెప్పలేదేం?"

"నువ్వు నాతో చెప్పావా?"

వాన ఇద్దరి మధ్యా పడుతోంది. ఆమె తల వంచుకుంది. వేళ్ళకి ఎండిన జిగురుని గోటితో గీరుతూ, "ఏమన్నావ్ ఆయనతో?" అంది.

"మా అమ్మాయి తొందరపడింది, మీరు వేరే బండి చూసుకోండి, టీ తాగి వెళ్ళండి అన్నాను. తాగి వెళ్ళాడు."

మా అమ్మాయి. ఎవరో పరాయివాడితో, తను లేనప్పుడు, టీ కప్పు అందిస్తూ. ఎప్పటిదో ఒక ప్రశ్న గొంతుదాకా వచ్చి, అడిగితే ఆ నున్నటి గుంట ఇంకెప్పటికీ పిన్నిది కాకుండా పోతుందేమో అనిపించి, అక్కడే ఆగింది. బదులుగా ఇంకోటి బయటపడింది. "నా దగ్గరికి రావా అయితే? నీకోసం కాదు పిన్నీ. నాకే... సాయంత్రాలు బాగుండటం లేదు."

పిన్ని ఆమె కేసి చూసింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఆమె చెంప మీద అంటిన మసి బొటనవేలితో తుడిచింది. "ఆ ముక్క ముందే అనొచ్చుగా? నీకు తోడు, నీకు తోడు అని నన్ను ముసలిదాన్ని చేసి పెట్టావు." ఎప్పటినుంచో మనసులో పేర్చిపెట్టుకున్నట్టు, తొట్రుపాటు లేకుండా చెప్పింది. "వస్తా. ఎందుకు రాను? కానీ తీసుకెళ్ళొద్దు. మీ నాన్న నన్ను ఈ బండిలోనే తీసుకొచ్చాడు. మంచి ఇంటికే తీసుకొచ్చాడు, కాదనను. ఆ తరవాత కూడా బజారుకి తీసుకెళ్ళాడు, ఆస్పత్రికి తీసుకెళ్ళాడు, తీసుకొచ్చాడు. నేనే ఎక్కడికైనా వెళ్ళానా, వచ్చానా అని ఈమధ్య కూర్చుని ఆలోచిస్తే ఒక్కటీ తట్టలేదే. లైసెన్సు రానీ. ఏ శుక్రవారమో నా అంతట నేను వస్తా. ఉండాలనిపిస్తే ఉంటా, పోట్లాడితే పోతా, మళ్ళీ వస్తా. నువ్వు ఇంట్లో ఉండి తలుపు తియ్యి చాలు."

"సరే" అంది ఆమె. పిన్ని అనే సరే లాంటి సరే కాదది, మామూలు సరే.

తను దిగి స్టీరింగు వైపు వెళ్ళాలి. దిగలేదు. తాళంచెవి జేబులోంచి తీసి కిటికీలోంచి చాపింది. పిన్ని తాళంచెవిని చూసి, ఆమెని చూసి, "రోడ్డంతా తడిగా ఉంది" అంది. "ఎల్ బోర్డు అద్దానికే ఉంది, పక్కన లైసెన్సున్న మనిషీ ఉంది" అంది ఆమె. పిన్ని కారు చుట్టూ తిరిగి, గొడుగు ముడిచి వెనక పడేసి, స్టీరింగు ముందు కూర్చుంది. సీటు ముందుకి జరిపింది. మూడు అద్దాలూ తన కళ్ళకి సరిగ్గా సర్దుకుంది, ఒక్కో అద్దం దగ్గరా ఆగి, ఆగి. తాళం తిప్పింది.

గోడ పక్కనుంచి బండి మెల్లగా రోడ్డు మీదికి ఏటవాలుగా ముక్కు పెట్టింది, సగం దాకా వచ్చింది, ఉలిక్కిపడినట్టు ఒక్క కుదుపు కుదిపి, అడ్డంగా ఆగిపోయింది. వెనకే ఒక లారీ. పొడుగాటి హారను, వాననంతా చీల్చుకుంటూ. క్లచ్, అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండో హారను. పిన్ని ఏమాత్రం కంగారుపడకుండా కిటికీ దింపి, వానలోకి తల బయటపెట్టి, వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది:

"తొందరైతే పక్కనుంచి పో నాయనా! నాకేం తొందర్లేదు!"

పక్కనుంచి పోవడానికి చోటు లేకనో ఏమో లారీ పోలేదు. హారను మాత్రం ఆగింది. పిన్ని తల లోపలికి తీసుకుని, తడిసిన నుదురు మోచేత్తో తుడుచుకుని, మళ్ళీ తాళం తిప్పింది.